ఎండాకాలంలో ట్యూన్డ్ టర్బో బండి పవర్ పడిపోవడం: తిరుపతి, చిత్తూరు వైపు లాగ్‌లు, చెకింగ్‌లు

కరకంబాడి_కారు | మే 9, రాత్రి 9:14

బండి 1.0 టీఎస్ఐ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టర్బో పెట్రోల్ ఇంజిన్) మాన్యువల్, స్టేజ్ 1 మ్యాప్ (పార్టులు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం). మ్యాప్ డిసెంబర్‌లో బెంగళూరులో డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద చేయించింది. షీట్‌లో 138 పీఎస్ ఉంది (స్టాక్ 115). ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ కంపెనీవే. చలికాలమంతా బాగా లాగింది. ఏప్రిల్ దాటాక మధ్యాహ్నం పూట బరువు లాగుతున్నట్టు ఉంటోంది. అలిపిరి చెకింగ్ క్యూలో నిలబడి కొండెక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. ఎర్రర్ కోడ్ లేదు, ఇంజిన్ లైట్ వెలగలేదు, కూలెంట్ టెంపరేచర్ మామూలే.

బండి నడుస్తుండగా రికార్డ్ చేసిన లాగ్‌లో ఉన్నవి ఇవి:

బయట 41 డిగ్రీలు.
నాయుడుపేట రోడ్డులో ఐదో గేరు, 80 మీద నిలకడగా వెళ్తున్నప్పుడు ఇన్‌టేక్ టెంపరేచర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి వేడి) 68.
క్యూలో నిలబడ్డాక 79.
మూడో గేరులో ఫుల్ థ్రాటిల్: ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగిన టర్బో ప్రెజర్ 2.20 బార్, వచ్చింది 2.18 (రెండూ అబ్సల్యూట్, అంటే బయటి గాలి ఒత్తిడి కూడా కలిపి).
ఇగ్నిషన్ రిటార్డ్ (స్పార్క్ ఆలస్యం) మూడు సిలిండర్లలోనూ 5 నుంచి 7 డిగ్రీలు.
ల్యాంబ్డా 0.82 (1 కంటే తగ్గితే పెట్రోల్ ఎక్కువ పడుతున్నట్టు).

పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచేది) వేయించాలా, మ్యాప్ మార్పించాలా? ఖర్చు పెట్టే ముందు అడుగుతున్నా.

---

మొగిలి_ఘాట్ | మే 9, రాత్రి 10:02

ఇంత శుభ్రంగా లాగ్ పెట్టినందుకు థ్యాంక్స్ అన్నా. చాలామంది "పికప్ పోయింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

ఎండకు పవర్ పోతే లాగ్‌లో ముందు చూడాల్సింది ఒక్కటే. ఈసీయూ అడిగిన బూస్ట్‌కీ (టర్బో ప్రెజర్), వచ్చిన బూస్ట్‌కీ సంబంధం ఎట్లా ఉంది? మూడు రకాలుగా ఉండొచ్చు.

అడిగింది 2.20, వచ్చింది 1.95 అనుకోండి. అది ఎండ సమస్య కాదు. ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా వేస్ట్‌గేట్ (టర్బో ప్రెజర్‌ను అదుపు చేసే తలుపు) సరిగ్గా మూసుకోవడం లేదు. వేడికి రబ్బరు హోస్ మెత్తబడి క్లాంప్ దగ్గర జారితే చల్లని ఉదయం కనపడని లీకు మధ్యాహ్నం బయటపడుతుంది.

అడిగిందే తగ్గిపోతే, అంటే చలికాలం 2.20 అడిగిన చోట ఇప్పుడు 1.90 అడుగుతుంటే, ఈసీయూ కావాలనే తగ్గిస్తోంది. ఇన్‌టేక్ వేడి, కూలెంట్ వేడి, ఆయిల్ వేడి, ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ వేడి, వీటిలో ఏదో ఒక హద్దు తగులుతోందని అర్థం.

మీది మూడోది. అడిగింది వచ్చింది, కానీ టైమింగ్ వెనక్కి పోయింది. గాలి సిలిండర్‌లోకి చేరుతోంది గానీ వేడిగా చేరుతోంది. నాక్ (సిలిండర్‌లో మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలవుతుంటే ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తోంది. స్పార్క్ ఆలస్యమైతే మంట పిస్టన్‌ను నెట్టాల్సిన సమయం దాటిపోయి ఎగ్జాస్ట్ వైపు పోతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. ఆ వేడి నుంచి టర్బైన్‌నూ క్యాటలిస్ట్‌నూ కాపాడడానికి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మీ 0.82 అక్కడి నుంచి వచ్చిందే. టార్క్ తగ్గింది, మైలేజ్ తగ్గింది, టర్బో దగ్గర వేడి పెరిగింది. అన్నిటికీ మూలం ఒకటే.

ఇక మీ లాగ్‌లో నాకు అనుమానం వచ్చిన అంకె ఫుల్ థ్రాటిల్‌ది కాదు. 80 మీద నిలకడగా వెళ్తున్నప్పటి 68. బయట 41, లోపల 68, తేడా 27. హైవే మీద సన్నటి థ్రాటిల్‌లో టర్బో పెద్దగా పని చేయదు, ముందు నుంచి గాలి బాగా తగులుతుంది. అక్కడ 10 నుంచి 15 దాకా ఉండాలి. 27 ఉందంటే కూలింగ్ వైపే ఏదో తేడా ఉంది. ఇన్‌టేక్ టెంపరేచర్ అంకెను ఒంటరిగా చూడొద్దండి. బయటి వేడితో తేడా ఎంతో చూడండి. జనవరిలో 45 ఉంటే "బాగుంది" అనుకుంటాం, నిజానికి అప్పుడు కూడా తేడా 20 ఉండి ఉండొచ్చు.

పార్టులు కొనకండి. ముందు చెకింగ్.

---

బూస్ట్_బాబాయ్ | మే 10, ఉదయం 6:31

మొగిలి చెప్పింది సరిగ్గా ఉంది. దానికి లెక్క జోడిస్తా, ఎందుకంటే "బెంగళూరు మ్యాప్ ఇక్కడ పనికిరాదు" అనే మాట ఊరికే తిరుగుతోంది. అందులో సగమే నిజం.

బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి దాదాపు 0.91 బార్. తిరుపతిలో 0.99 దగ్గర. మ్యాప్ 2.20 బార్ అబ్సల్యూట్ అడిగితే, బెంగళూరులో టర్బో గాలిని 2.42 రెట్లు కుదించాలి. తిరుపతిలో 2.22 రెట్లు చాలు. అంటే టర్బో ఇక్కడే తక్కువ కష్టపడుతుంది.

కుదిస్తే ఎంత వేడెక్కుతుందో చూద్దాం. కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుందాం. బెంగళూరులో 28 డిగ్రీల గాలి టర్బో దాటేసరికి సుమారు 152 అవుతుంది. తిరుపతిలో 42 డిగ్రీల గాలి సుమారు 157. చూశారా, టర్బో మూతి దగ్గర తేడా 5 డిగ్రీలే.

అసలు తేడా ఇంటర్‌కూలర్ దగ్గర వస్తుంది. ఇంటర్‌కూలర్ ఎంత మంచిదైనా బయటి గాలి కంటే చల్లగా చేయలేదు. 70 శాతం పనిచేసే ఎయిర్ టు ఎయిర్ (బయటి గాలితోనే చల్లబడే) ఇంటర్‌కూలర్ బెంగళూరులో ఆ గాలిని 65కి దించుతుంది. తిరుపతిలో 77 దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు ఇంకో లెక్క. 65కీ 77కీ గాలి సాంద్రతలో తేడా మూడున్నర శాతం. పవర్ అంతే పోవాలి కదా? మరి బండి అంతకంటే దండిగా బరువెక్కినట్టు ఎందుకు ఉంటుంది? టైమింగ్ వల్ల. 5, 7 డిగ్రీలు రిటార్డ్ అయిన చోట టార్క్ సుమారు పది శాతం దాకా పోవచ్చు. అందుకే ఎండలో బూస్ట్ పెంచి పవర్ తిరిగి తెచ్చుకోవాలనుకుంటే పని జరగదు. బూస్ట్ పెంచితే గాలి ఇంకా వేడెక్కుతుంది, నాక్ ఇంకా ముందే వస్తుంది, టైమింగ్ ఇంకా వెనక్కి పోతుంది.

---

చిత్తూరు_ఎన్‌లైన్ | మే 10, ఉదయం 8:15

బాబాయ్, మా 1.0 టీ-జీడీఐలో (హ్యుందాయ్ టర్బో) ఇంటర్‌కూలర్ ముందు వైపే ఉంది. టీఎస్ఐలో ఎక్కడుంది? రెండిటికీ చెకింగ్ ఒకటేనా?

---

బూస్ట్_బాబాయ్ | మే 10, ఉదయం 8:40

కాదు. నీది ఎయిర్ టు ఎయిర్. గాలి తగిలితే చల్లబడుతుంది, బండి నిలబడితే వేడెక్కుతుంది, అంతే.

1.0 టీఎస్ఐలో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఉంటుంది. దాన్ని కూలెంట్ చల్లబరుస్తుంది. ఇంజిన్ కూలెంట్ లైన్ వేరు, దీని లైన్ వేరు. దీనికి ముందు భాగంలో ఒక చిన్న లో-టెంపరేచర్ రేడియేటర్, తిప్పడానికి ఒక ఎలక్ట్రిక్ పంపు ఉంటాయి. పైప్ పొడవు తక్కువ కాబట్టి థ్రాటిల్‌కు వెంటనే స్పందిస్తుంది. కొద్దిసేపటి వేడిని కూలెంట్ మింగేస్తుంది. కానీ ఒకసారి ఆ కూలెంట్ వేడెక్కితే చల్లబడడానికి టైమ్ పడుతుంది. అలిపిరి క్యూలో జరిగేది అదే. బండి నిలబడి ఉంది, ఏసీ నడుస్తోంది, కండెన్సర్ వేడి అంతా పక్కనున్న ఆ చిన్న రేడియేటర్ మీదే పడుతోంది.

పైగా కొండ మీదికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్నది టీటీడీ నియమం. దూరం 18 కిలోమీటర్ల దగ్గర. సగటు వేగం 40 లోపే. ఎక్కుడు రోడ్డు, లోడ్ ఎక్కువ, తగిలే గాలి తక్కువ. ఘాట్ మీద పవర్ కోసం చూసుకోవాల్సిన పని లేదు, అక్కడ వేడి పెరగకుండా చూసుకుంటే చాలు. లాగ్‌లు ఘాట్ మీద తీయొద్దు. ఖాళీ నాలుగు వరుసల రోడ్డులో, పక్క సీటులో ఇంకొకరు ల్యాప్‌టాప్ పట్టుకుని, మూడో గేరులో 1,800 నుంచి 4,500 ఆర్‌పీఎం దాకా ఫుల్ థ్రాటిల్‌లో ఒక పుల్ చాలు.

---

రేణిగుంట_రెంచ్ | మే 10, మధ్యాహ్నం 1:20

కరకంబాడి అన్నా, ఈ వరసలో చూడండి. అన్నీ ఒక పూటలో అయ్యేవే. బండి పూర్తిగా చల్లారినాకనే ముట్టుకోండి.

మొదట పంపు. హైవే మీద నుంచి వచ్చి బండి ఆపి ఇగ్నిషన్ ఆఫ్ చేసినాక బానెట్ తెరిచి వినండి. వేడిగా ఉన్నప్పుడు పంపు రొంతసేపు సన్నగా గుయ్యిమంటా తిరగల్ల. శబ్దం లేకపోతే స్కానర్‌తో అవుట్‌పుట్ టెస్ట్ పెట్టి చార్జ్ ఎయిర్ కూలింగ్ పంపును ఆన్ చేసి చూడండి. వైరింగ్ డయాగ్రమ్‌లో దాని గుర్తు వి188. పంపు తిరుగుతున్నా నీళ్లు కదలకపోతే లైన్‌లో గాలి ఇరుక్కుంది. కూలెంట్ ఎప్పుడైనా మార్చినారా? ట్యాంకులో పైకి పోసి వదిలేస్తే ఇంజిన్ లైన్ నిండుతుంది గానీ ఈ చిన్న లైన్‌లో గాలి మిగులుతుంది. వ్యాక్యూమ్ ఫిల్లర్‌తో నింపల్ల, లేకపోతే స్కానర్‌లో బ్లీడింగ్ రొటీన్ నడపల్ల.

చేతితో చూసే గుర్తు: హైవే పుల్ అయినాక లో-టెంపరేచర్ రేడియేటర్‌లోకి పోయే హోస్, వచ్చే హోస్ రెండూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. పోయేది వేడిగా, వచ్చేది చల్లగా ఉంటే రేడియేటర్ పని చేస్తా ఉంది. రెండూ ఒకే వేడి అయితే గాలి తగలడం లేదు. ఒకటి మరుగుతా ఉండి ఇంకొకటి బయటి వేడిలోనే ఉంటే నీళ్లు తిరగడం లేదు. ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టొద్దు, బండి ఆపినా అది తిరుగుతుంది.

రెండోది ముందు ఫిన్లు (రేడియేటర్, ఏసీ కండెన్సర్ మీది సన్నటి రేకులు). మన వైపు రోడ్డు మీద చెరుకు లారీలు, కోత మిషన్లు, వరిగడ్డి ట్రాక్టర్లు. ఆ పొట్టు, పురుగులు కండెన్సర్ మీద కాదు, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్యలో పోయి కూర్చుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది. టార్చ్ ఇంజిన్ వైపు నుంచి వేసి ముందు నుంచి చూడండి, వెలుతురు రాని చోట అంతా మూసుకునే ఉంది. నీళ్లు ఇంజిన్ వైపు నుంచి ముందుకు కొట్టండి, మామూలు ట్యూబు ప్రెజర్‌తో. వాషింగ్ సెంటర్ ప్రెజర్ గన్ దగ్గర పెడితే ఫిన్లు పడుకుంటాయి, ఉన్న దారి కూడా పోతుంది. ఏసీ కాయిల్‌కు వాడే యాసిడ్ క్లీనర్ అసలు వద్దు. కార్ షాంపూ పలచగా కలిపి పది నిమిషాలు నాననిచ్చి కడగండి.

మూడోది, దీన్ని ఎవరూ చూడరు. బంపర్ ఎప్పుడైనా ఊడదీసి పెట్టినారా? రేడియేటర్‌కు కుడి ఎడమ నల్ల ప్లాస్టిక్ ఎయిర్ గైడ్లు ఉంటాయి. డెంటింగ్, పెయింటింగ్ పనిలో క్లిప్పు విరిగితే వాటిని పక్కన పడేస్తారు. అవి లేకపోతే గ్రిల్‌లోంచి వచ్చిన గాలి రేడియేటర్‌లోంచి పోదు, పక్క సందుల్లోంచి పోతుంది. నిలబడినప్పుడు ఇంకా నష్టం. ఫ్యాన్ వెనక్కి తోసిన వేడిగాలి ఆ సందులోంచే ముందుకు తిరిగొచ్చి మళ్లీ రేడియేటర్‌లోకి పోతుంది. ఒరిజినల్ గైడ్ దొరికితే అదే వేయండి. మిగిలిన సందులకు 10, 12 ఎంఎం మందం క్లోజ్డ్ సెల్ ఫోమ్ పట్టీ అంటించండి. మామూలు స్పాంజి నీళ్లు పీల్చి ఊడిపోతుంది.

కాణిపాకంలో వాహన పూజ చేయించి గ్రిల్‌కు కట్టిన దండ ఎండిపోయినాక తీసేయండి సామీ. ఎక్స్‌ట్రా ఫాగ్ ల్యాంపులు, దోమతెర మాదిరి గ్రిల్ మెష్ కూడా అంతే, అన్నీ గాలికి అడ్డమే.

---

శ్రీకాళహస్తి_ఆక్టేవియా | మే 10, సాయంత్రం 5:48

మంచి థ్రెడ్. 1.8, 2.0 టీఎస్ఐ ఆక్టేవియా వాళ్లకు ఒక మాట. వీటిలో ఇంటర్‌కూలర్ ఏసీ కండెన్సర్‌కూ మెయిన్ రేడియేటర్‌కూ మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. ఏసీ వేస్తే దానికి తగిలేది బయటి గాలి కాదు, కండెన్సర్ దాటి వేడెక్కిన గాలి. ఏసీ ఆన్, ఏసీ ఆఫ్ రెండు లాగ్‌లు తీసి పోల్చుకుంటే తెలిసిపోతుంది.

ఓపెన్ కోన్ ఫిల్టర్ వేసుకున్నవాళ్లు ఇన్‌టేక్ పైప్‌ను టర్బోకు ముందు చెక్ చేసుకోండి. హీట్ షీల్డ్ లేని ఫిల్టర్ బానెట్ కింద గాలి పీలుస్తుంది. ట్రాఫిక్‌లో ఆ గాలి 60 దాటుతుంది. శబ్దం బాగుంటుంది, మే నెలలో పవర్ స్టాక్ బాక్స్ కంటే తగ్గుతుంది. స్టాక్ బాక్స్ గ్రిల్ పైనుంచి బయటి గాలి తీసుకుంటుంది, దాంట్లో మంచి ప్యానెల్ ఫిల్టర్ చాలు.

ఇంకో సంగతి. మీ యాప్‌లో కనిపించే ఇన్‌టేక్ టెంపరేచర్ ఏ సెన్సర్‌దో ముందు తేల్చుకోండి. టర్బోకు ముందుదైతే అది ఇంటర్‌కూలర్ గురించి ఏమీ చెప్పదు. మానిఫోల్డ్‌లో ఉన్న సెన్సర్ అంకె కావాలి.

---

చంద్రగిరి_రేసర్ | మే 10, రాత్రి 8:05

ఇంత కష్టం ఎందుకు బ్రో. ఇన్‌టేక్ సెన్సర్ వైర్‌కు రెసిస్టర్ వేస్తే ఈసీయూ 30 డిగ్రీలే అనుకుంటుంది, టైమింగ్ తియ్యదు. రెండు వందల రూపాయల పని. ఆన్‌లైన్‌లో "పవర్ చిప్" అని అమ్మేది అదే.

---

మొగిలి_ఘాట్ | మే 10, రాత్రి 8:22

తమ్ముడూ, దయచేసి ఆ పని చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు. సెన్సర్ అబద్ధం చెప్తే గాలి చల్లబడదు. ఈసీయూ చల్లటి గాలికి ఇచ్చే టైమింగ్ 75 డిగ్రీల గాలికి ఇస్తుంది. నాక్ సెన్సర్ పట్టుకుంటుంది నిజమే, కానీ అది నాక్ జరిగాక పట్టుకుంటుంది. ప్రతి పుల్‌లో మొదటి కొన్ని దెబ్బలు పిస్టన్ తినాల్సిందే. చిన్న ఇంజిన్‌లో ముందు పోయేది పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు. అది విరిగితే కంప్రెషన్ పోతుంది, ఆయిల్ తాగుతుంది, హెడ్ దించాలి. రెండు వందల రెసిస్టర్‌కు ఇంజిన్ ఓవర్‌హాల్.

---

చంద్రగిరి_రేసర్ | మే 10, రాత్రి 8:30

సరే అన్నా, అర్థమైంది. వెయ్యను.

---

పలమనేరు_పెట్రోల్ | మే 11, ఉదయం 7:10

పెట్రోల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. కరకంబాడి గారూ, డైనో రోజు ట్యాంకులో ఏముంది? బెంగళూరులో 100 ఆక్టేన్ (నాక్‌ను ఎక్కువగా తట్టుకునే పెట్రోల్) దొరుకుతుంది. దాని మీద టైమింగ్ ముందుకు తోసి మ్యాప్ చేసి, ఇక్కడికొచ్చి మామూలు పంపులో కొట్టిస్తే, ఎండ లేకపోయినా రిటార్డ్ కనిపిస్తుంది. ఆ మాట ట్యూనర్‌ను అడిగి రాయించుకోండి.

ఇప్పుడు పంపుల్లో వస్తున్నది ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్). ఎండలో నాక్ విషయానికి ఎథనాల్ శత్రువు కాదు. దాని ఆక్టేన్ పెట్రోల్ కంటే బాగా ఎక్కువ. ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కంటే రెండు రెట్లకు పైగా వేడి లాగేస్తుంది, డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఆ చల్లదనం నేరుగా సిలిండర్‌లో పనికొస్తుంది. ఇబ్బంది ఇంకో చోట ఉంది. అదే పవర్‌కు పెట్రోల్ ఎక్కువ పరిమాణంలో పోయాలి. ట్యూన్ చేసిన బండిలో హై ప్రెజర్ పంపు అప్పటికే అంచున ఉంటే పై ఆర్‌పీఎంలో రైల్ ప్రెజర్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందే ఒత్తిడి) పడిపోతుంది. లాగ్‌లో అడిగిన రైల్ ప్రెజర్, వచ్చిన రైల్ ప్రెజర్ పక్కపక్కన పెట్టండి. ఫుల్ థ్రాటిల్‌లో వచ్చింది కిందికి జారుతుంటే అది కూలింగ్‌తో తీరేది కాదు.

పంపులో అమ్మే ఆక్టేన్ బూస్టర్ సీసాల మీద ఆధారపడి మ్యాప్ పెట్టుకోవద్దు. ఒక రోజు పోయడం మర్చిపోతే ఆ రోజే నష్టం.

---

కరకంబాడి_కారు | మే 11, ఉదయం 9:26

ట్యూనర్‌ను అడిగా. డైనో రోజు 100 ఆక్టేనే. మ్యాప్ కూడా దానికే చేశామన్నారు. ఇక్కడ మామూలు పెట్రోలే వాడుతున్నా. రైల్ ప్రెజర్ అడిగినంత వస్తోంది.

బంపర్ కిందటి ఏడాది ఒక గ్యారేజీలో దించి పెయింట్ వేశారు. గైడ్ల సంగతి శనివారం చూసి చెప్తా.

---

చిత్తూరు_ఎన్‌లైన్ | మే 11, మధ్యాహ్నం 12:02

ఎయిర్ టు ఎయిర్ వాళ్లకు పెద్ద ఇంటర్‌కూలర్ ఏ రకం కొనాలి? బార్ అండ్ ప్లేట్ ఒకటి, ట్యూబ్ అండ్ ఫిన్ ఒకటి చూపిస్తున్నారు. బరువుగా ఉన్నదే మంచిదంటున్నారు.

---

బూస్ట్_బాబాయ్ | మే 11, మధ్యాహ్నం 2:35

ఎక్కడ నడుపుతావో దాన్నిబట్టి బాబూ.

బార్ అండ్ ప్లేట్‌లో అల్యూమినియం ఎక్కువ. వరసగా నాలుగు పుల్‌లు తీసినా వేడిని మింగుతుంది. అందుకే డైనో మీద, డ్రాగ్‌లో బాగా కనిపిస్తుంది. కానీ ఒకసారి నిండా వేడెక్కితే చల్లబడడానికి కూడా అంతే టైమ్ తీసుకుంటుంది. పైగా మందంగా ఉంటే వెనక రేడియేటర్‌కు గాలి తగ్గుతుంది, కూలెంట్ వేడి పెరుగుతుంది. గాంధీ రోడ్డు ట్రాఫిక్‌లో నిలబడి, తర్వాత చిత్తూరు హైవే ఎక్కే బండికి మంచి ట్యూబ్ అండ్ ఫిన్ నయం. నిలబడినప్పుడు వేడెక్కినా, కదిలిన రెండు నిమిషాల్లో తేరుకుంటుంది.

ఏది కొన్నా అమ్మేవాడిని రెండు సంగతులు అడుగు. లోపలి ప్రెజర్ డ్రాప్ ఎంత? 0.1 బార్ దగ్గర ఉంటే ఫర్వాలేదు, 0.2 దాటితే ఆ లోటు పూడ్చడానికి టర్బో ఇంకా కష్టపడి ఇంకా వేడి పుట్టిస్తుంది. రెండోది, ఎండ్ ట్యాంకులు క్యాస్టింగా, రేకు మడిచి వెల్డింగ్ చేసినవా? చవక వాటిలో వెల్డింగ్ బూడిద లోపలే ఉంటుంది. బిగించే ముందు పెట్రోల్ పోసి కడిగి, ఆరబెట్టి, టార్చ్‌తో చూసి అప్పుడు బిగించు.

---

రేణిగుంట_రెంచ్ | మే 11, సాయంత్రం 6:15

ఇంటర్‌కూలర్ మార్చినా, హోస్ ముట్టుకున్నా లీక్ టెస్ట్ చేయకుండా వదలొద్దు. ఇంట్లోనే చేయొచ్చు. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ నుంచి టర్బోకు పోయే పైప్ ఊడదీయండి. ఆ సైజుకు పీవీసీ ఎండ్ క్యాప్ హార్డ్‌వేర్ షాపులో తెచ్చి, మధ్యలో రంధ్రం పెట్టి ట్యూబ్‌లెస్ టైర్ వాల్వ్ బిగించండి. క్యాప్‌ను టర్బో గాలి పీల్చే మూతికి హోస్, క్లాంప్ వేసి కట్టండి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో మెల్లగా 0.7 బార్ దాకా ఎక్కించండి. 1 బార్ దాటొద్దు, క్యాప్ ఎగిరి మొహానికి తగులుతుంది, ఎదురుగా నిలబడొద్దు. జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగ లేచిన చోటే లీకు.

ఆయిల్ మూత దగ్గర సన్నగా గాలి వస్తే భయపడొద్దు, కొన్ని వాల్వులు తెరిచి ఉంటాయి, రింగుల పక్కనుంచి రొంత పోతుంది. బుస్సుమని వస్తే పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపే వాల్వ్) డయాఫ్రమ్ చూడల్ల. మామూలు స్క్రూ క్లిప్పులు వేడికి వదులవుతాయి, చార్జ్ పైపులకు టీ-బోల్ట్ క్లాంపులు వేయండి. సిలికాన్ హోస్ లోపల ఆయిల్ జిడ్డు ఉంటే ఎంత బిగించినా జారుతుంది. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆరినాక తొడగండి.

కూలెంట్‌లో బోరు నీళ్లు పోయొద్దు. మన తట్టు నీళ్లలో ఉప్పు, సున్నం దండిగా ఉంటుంది. మానిఫోల్డ్‌లో ఉన్న ఇంటర్‌కూలర్ సన్నటి దారుల్లో అదంతా పేరుకుంటుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, సగం సగం.

---

శ్రీకాళహస్తి_ఆక్టేవియా | మే 12, ఉదయం 7:55

చల్లటి థర్మోస్టాట్ వేస్తే లాభమా అని మెసేజ్‌లో అడిగారు ఇద్దరు. ఇన్‌టేక్ వేడికి దానితో సంబంధం దాదాపు లేదు. ఆయిల్ సరిగ్గా వేడెక్కక పెట్రోల్ అందులో కలిసే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. వద్దు.

స్పార్క్ ప్లగ్ మాత్రం ట్యూన్ చేసిన బండికి ఒక మెట్టు చల్లటిది వేయడం మంచిది. గ్యాప్ 0.6, 0.7 మధ్య పెట్టండి. టార్క్ రెంచ్‌తో, కంపెనీ మాన్యువల్‌లో చెప్పినంతే బిగించండి. సరిగ్గా కూర్చోని ప్లగ్ తన వేడిని హెడ్‌కు అప్పగించలేదు.

---

మొగిలి_ఘాట్ | మే 12, ఉదయం 10:40

ఘాట్ నడిపే వాళ్లందరికీ ఒక జాగ్రత్త. తిరుమలైనా, మొగిలైనా, భాకరాపేటైనా, ఎక్కుడులో నాలుగో గేరు వేసి 1,500 ఆర్‌పీఎం మీద యాక్సిలరేటర్ అదిమి పట్టొద్దు. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడ్, వేడి గాలి, మూడూ కలిస్తే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది. ఎల్ఎస్‌పీఐ అంటారు. ఆయిల్ చుక్కలు, కార్బన్ పెచ్చులు దానికి నిప్పు. ఈసీయూ టైమింగ్ తగ్గించినా ఆగదు, ఎందుకంటే అది స్పార్క్ కంటే ముందే మొదలవుతుంది. స్టేజ్ 1 మ్యాప్ చాలావాటిలో టార్క్ అంతా 2,000 దగ్గరే కుమ్మరిస్తారు కాబట్టి ట్యూన్ బండికి ముప్పు ఇంకా ఎక్కువ.

రెండో గేరు, 2,800 నుంచి 3,500 మధ్య, సన్నటి థ్రాటిల్. శబ్దం పెరిగినా ఇంజిన్‌కు హాయి. నీళ్ల పంపు కూడా వేగంగా తిరుగుతుంది. ఆయిల్ డబ్బా మీద కంపెనీ చెప్పిన గ్రేడ్‌తో పాటు ఏపీఐ ఎస్‌పీ ఉందో లేదో చూడండి. 2020లో వచ్చిన ఆ స్పెసిఫికేషన్‌లో ఎల్ఎస్‌పీఐ పరీక్ష ఉంది. ట్యూన్ బండికి ఆయిల్ 15,000 కిలోమీటర్ల దాకా లాగొద్దు, 7,500కే మార్చండి.

డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వాళ్లు, డీక్యూ200 డ్రై క్లచ్ అయితే, క్యూలో అంగుళం అంగుళం పాకించొద్దు. ముందు బండి రెండు బండ్ల దూరం కదిలాకే కదలండి. క్లచ్ వేడెక్కితే గేర్‌బాక్సే టార్క్ తగ్గించమంటుంది, మీరు ఇంజిన్‌ను అనుమానిస్తారు.

---

పలమనేరు_పెట్రోల్ | మే 12, రాత్రి 9:30

వాటర్ మెథనాల్ ఇంజెక్షన్ గురించి ఏమంటారు? ఇంటర్‌కూలర్ మీద నీళ్ల స్ప్రే?

---

బూస్ట్_బాబాయ్ | మే 13, ఉదయం 6:20

స్ప్రే ఎయిర్ టు ఎయిర్‌కు బాగానే పనిచేస్తుంది. తిరుపతి మధ్యాహ్నం గాలి పొడిగా ఉన్నప్పుడు ఎక్కువ, నాయుడుపేట దాటి సముద్రం వైపు పోతే ఉక్కపోతలో తక్కువ. సన్నటి మంచులాగా పడాలి, ధార కాదు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, లేకపోతే ఫిన్ల మీద తెల్లటి సున్నం పొర కడుతుంది. 1.0 టీఎస్ఐ వాళ్లకు అదే స్ప్రే లో-టెంపరేచర్ రేడియేటర్ మీద పడాలి.

మెథనాల్ రోజువారీ బండికి వద్దు. విషం, చర్మం గుండా కూడా ఎక్కుతుంది, మంట పగటిపూట కంటికి కనపడదు. ట్యాంకు ఖాళీ అయినా, నాజిల్ మూసుకుపోయినా వెంటనే బూస్ట్ తగ్గించే ఫెయిల్‌సేఫ్ లేకుండా దాని మీద మ్యాప్ పెడితే ఇంజిన్ పోతుంది.

---

కరకంబాడి_కారు | మే 17, రాత్రి 8:48

రెంచ్ అన్న చెప్పిన వరసలోనే చూశాం. పంపు బాగుంది, నీళ్లు తిరుగుతున్నాయి. పోయే హోస్ 61, వచ్చే హోస్ 58. అంటే గాలే తగలడం లేదు. బంపర్ దించితే ఎడమ ఎయిర్ గైడ్ లేనే లేదు. కుడిది ఒక్క క్లిప్పు మీద వేలాడుతోంది. కండెన్సర్ వెనక కింది మూడో వంతు పొట్టుతో మెత్తగా అట్ట కట్టి ఉంది. టార్చ్ వెలుతురు అస్సలు రాలేదు.

కడిగి, రెండు గైడ్లూ కొత్తవి వేసి, పైన సందుకు ఫోమ్ పట్టీ వేశాం. గైడ్లు, క్లిప్పులు, ఫోమ్ అన్నీ కలిపి రెండు వేల ఆరు వందలు.

అదే రోడ్డు, బయట 42. 80 మీద నిలకడగా ఇన్‌టేక్ 55, తేడా 13. క్యూ తర్వాత 70కి వెళ్లింది, కదిలాక మూడు నిమిషాల లోపు 58కి దిగింది. ఫుల్ థ్రాటిల్‌లో రిటార్డ్ రెండు సిలిండర్లలో 2, ఒకదాంట్లో 4. ల్యాంబ్డా 0.88. బండి చాలావరకు తేలికైంది. మిగిలిన ఆ 2 నుంచి 4 డిగ్రీలు పెట్రోల్ వల్లే అనుకుంటున్నా. ట్యూనర్‌ను ఏమని అడగాలి?

---

మొగిలి_ఘాట్ | మే 17, రాత్రి 9:35

చాలా సంతోషం అన్నా. ట్యూనర్‌కు ఈ రెండు లాగ్‌లూ పంపి ఇట్లా అడగండి.

మామూలు పంపు పెట్రోల్‌కు మ్యాప్ కావాలి, 100 ఆక్టేన్‌కు కాదు. 2,500 లోపు టార్క్ తగ్గించి, దాన్ని 3,000 దాటాక ఇవ్వమనండి. ఇన్‌టేక్ వేడిని బట్టి టైమింగ్ తగ్గించే టేబుల్‌నూ, బూస్ట్ తగ్గించే టేబుల్‌నూ స్టాక్‌లో ఉన్నట్టే ఉంచారా అని అడగండి. కొందరు డైనో షీట్ కోసం వాటిని తీసేస్తారు. 55 దాటినప్పటి నుంచి బూస్ట్ మెల్లగా దిగేటట్టు ఉండాలి, నాక్ వచ్చాక దెబ్బతో పడేటట్టు కాదు. ఎగ్జాస్ట్ వేడి నుంచి కాపాడే ల్యాంబ్డా టేబుల్ ముట్టుకోవద్దని చెప్పండి.

కొత్త మ్యాప్ ఫ్లాష్ చేసిన వారంలోనే, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య, ఏసీ ఆన్‌లో, ట్యాంకులో మన ఊరి పెట్రోల్‌తో ఒక లాగ్ తీసి మళ్లీ పంపండి. రిటార్డ్ ఏ సిలిండర్‌లోనూ 3 దాటకూడదు. ఒక్క సిలిండర్‌లోనే ఎప్పుడూ ఎక్కువ ఉంటే అది మ్యాప్ కాదు, ఆ సిలిండర్ ప్లగ్, కాయిల్, ఇంజెక్టర్ మార్చి మార్చి పెట్టి చూడాలి.

---

రేణిగుంట_రెంచ్ | మే 17, రాత్రి 10:10

మీ లాగ్‌లో 4 చూపించేది ఏ సిలిండర్ అన్నా? రెండు లాగ్‌లలోనూ అదే అయితే, ట్యూనర్ దగ్గరికి పోకముందే ఆ ప్లగ్ తీసి ఫోటో పెట్టండి.

---

కరకంబాడి_కారు | మే 17, రాత్రి 10:14

మూడో సిలిండర్. ముందు లాగ్‌లో 7 చూపించిందీ అదే. రేపు ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు తీసి పెడతా.